ఒకే పేరు, హక్కుదారులు అనేకం: డొమైన్ పేర్లలో ట్రేడ్‌మార్క్‌లకు చోటు ఎలా కల్పించారు

విజయ అనే పేరును మన దగ్గర ఎందరు వాడుతున్నారో చూడండి. పాల ప్యాకెట్ల మీద ఆ పేరు ఉంటుంది, అదీ ఒక్క సంస్థది కాదు. తెలంగాణ పాడి పరిశ్రమ సహకార సమాఖ్య, విజయవాడలోని కృష్ణా మిల్క్ యూనియన్ రెండూ ఆ పేరుతోనే పాలు అమ్ముతున్నాయి. హైదరాబాదులో పుట్టిన వ్యాధి నిర్ధారణ కేంద్రాల సంస్థదీ అదే పేరు. 1931లో మంగళూరులో మొదలై 2019 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయిన బ్యాంకుదీ అదే. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన చిత్ర నిర్మాణ సంస్థదీ అదే. రక్తపరీక్షకు వెళ్ళినవారెవరూ పాల కేంద్రానికి వచ్చామేమోనని తడబడలేదు కాబట్టి, ఇన్ని సంస్థలకు ఒకే పేరు ఉండటం దశాబ్దాలుగా పెద్ద చిక్కు కాలేదు. కానీ ఇంటర్నెట్‌లో ‘విజయ డాట్ కామ్’ అనే చిరునామా ఒక్కటే ఉండగలదు, దాన్ని ఒక్కరే పొందగలరు.

డొమైన్ పేర్లకూ ట్రేడ్‌మార్క్‌లకూ మధ్య ముప్పై ఏళ్లుగా సాగుతున్న తగాదాకు మూలం ఇదే. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ, 2012 తరువాత మొదటిసారిగా, కొత్త డొమైన్ తోకల (అంటే డాట్ కామ్ వంటి చివరి భాగాల) కోసం 2026 ఏప్రిల్ నుంచి దరఖాస్తులు తీసుకోవాలని నిర్ణయించడంతో ఈ విషయం మళ్ళీ చర్చలోకి వచ్చింది.

ట్రేడ్‌మార్క్ ఇచ్చే హక్కుకు ఉన్న హద్దులు

ట్రేడ్‌మార్క్ అంటే ఒక సరుకు లేదా సేవ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కొనేవాడికి తెలిపే గుర్తు. అది పేరు కావచ్చు, బొమ్మ కావచ్చు, రెండూ కలిసినది కావచ్చు. ఒక పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకున్నంత మాత్రాన ఆ పదం మొత్తం మీద యాజమాన్యం వచ్చేయదు. ఆ హక్కుకు రెండు హద్దులుంటాయి. మొదటిది భౌగోళికమైనది: భారతదేశంలో చేసిన నమోదు భారతదేశంలోనే చెల్లుతుంది. రెండవది వ్యాపార రంగానికి సంబంధించినది: నీస్ వర్గీకరణ అనే అంతర్జాతీయ పద్ధతిలో సరుకులను 34 తరగతులుగా, సేవలను 11 తరగతులుగా, మొత్తం 45గా విభజించారు. పాలు 29వ తరగతిలో, బ్యాంకింగ్ 36లో, సినిమా నిర్మాణం 41లో, వైద్య సేవలు 44లో వస్తాయి. వేర్వేరు తరగతుల్లో వేర్వేరువారు ఒకే పేరును నమోదు చేసుకోవడానికి సాధారణంగా అడ్డు ఉండదు. బాగా పేరుపడిన గుర్తులకు మాత్రం తరగతుల హద్దు దాటి కూడా రక్షణ దొరుకుతుంది. మన 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలోనూ ఆ ఏర్పాటు ఉంది.

కొనేవాడు మోసపోకూడదన్నదే ఈ చట్టం పట్టించుకునే విషయం. గందరగోళం లేనిచోట ఒక పేరును పదిమంది పంచుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు.

డొమైన్ పేరుకు ఆ వెసులుబాటు ఎందుకు లేదు

1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డొమైన్ నేమ్ సిస్టమ్ ఉద్దేశం వేరు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తిస్తాయి. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు కాబట్టి వాటికి పేర్లు తగిలించారు. పేరు కుడి నుంచి ఎడమకు మెట్లుమెట్లుగా ఉంటుంది: చివరన డాట్ కామ్, డాట్ ఇన్ వంటి తోక, దానికి ముందు మనం నమోదు చేసుకున్న పేరు, ఇంకా ముందు కావాలంటే ఉపవిభాగాలు. ఒక తోక కింద ఒక పేరు ఒక్కసారే ఉండాలి, లేకపోతే పంపిన సమాచారం ఎక్కడికి చేరాలో యంత్రానికి తెలియదు.

అంటే ట్రేడ్‌మార్క్ చట్టం పేరును దేశం, రంగం అనే రెండు ప్రమాణాలతో చూస్తే, డొమైన్ వ్యవస్థ అక్షరాల వరుసను మాత్రమే చూస్తుంది. పైగా 1985లో మొదలైన డాట్ కామ్‌కు దేశమూ లేదు, తరగతీ లేదు. ప్రపంచంలోని వ్యాపారాలన్నీ ఆ ఒక్క తోక కిందికే వచ్చి చేరాయి.

ముందు వచ్చినవారికే పేరు

1990లలో నమోదు పద్ధతి చాలా సరళం: ఎవరు ముందు అడిగితే వారికే. 1994లో జాషువా క్విట్నర్ అనే అమెరికన్ పాత్రికేయుడు మెక్‌డొనాల్డ్స్ డాట్ కామ్‌ను తన పేరిట నమోదు చేసుకుని, పెద్ద కంపెనీలు ఈ విషయంలో ఎంత ఏమరుపాటుగా ఉన్నాయో రాశాడు. బ్రూక్లిన్‌లోని ఒక పాఠశాలకు కంప్యూటర్ సదుపాయం కోసం కంపెనీ డబ్బు ఇచ్చాక పేరును అప్పగించాడు. అందరూ అంత ఉదారులు కారు. డెనిస్ టోపెన్ అనే వ్యక్తి పానావిజన్ డాట్ కామ్‌తో పాటు అనేక సంస్థల పేర్లను నమోదు చేసి, పానావిజన్ కెమెరా సంస్థను 13,000 డాలర్లు అడిగాడు. ఆ చిరునామాలో అతడు పెట్టినవి ఇల్లినాయిస్‌లోని పానా అనే ఊరి ఫొటోలు. 1998లో అమెరికా అప్పీలు కోర్టు ఆ ఫొటోల సాకును ఒప్పుకోలేదు. ఇలా ఇతరుల గుర్తును ముందుగా పట్టుకుని వారికే అమ్మజూపడాన్ని సైబర్ స్క్వాటింగ్ అంటారు. 1999లో అమెరికా దీని మీద ప్రత్యేక చట్టం చేసి, ఒక్కో పేరుకు 1,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు పరిహారం విధించే అధికారాన్ని కోర్టులకిచ్చింది.

ఇటువంటివి తేలిక కేసులే, ఎందుకంటే వీటిలో ఒక పక్షం వాదన బొత్తిగా పస లేనిది. అసలు చిక్కు ఇద్దరికీ న్యాయమైన హక్కు ఉన్నప్పుడు వస్తుంది. ఉజీ నిస్సాన్ అనే ఆయన ఇంటిపేరే నిస్సాన్. నార్త్ కరోలినాలో ఆ పేరుతో కంప్యూటర్ వ్యాపారం నడుపుతూ 1994లో నిస్సాన్ డాట్ కామ్‌ను నమోదు చేసుకున్నాడు. అంతకు పదేళ్ల ముందు వరకు అమెరికాలో తన కార్లను డాట్సన్ పేరుతో అమ్మిన జపాన్ మోటారు సంస్థ 1999లో ఆయన మీద దావా వేసింది. ఆయన సైటులో కార్లకు సంబంధించిన ప్రకటనలు ఉండటం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనేనని కోర్టులు తేల్చాయి. అయితే ఆ కంపెనీని విమర్శించే మాటలు కూడా పెట్టకూడదన్న నిషేధం భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2004లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. ఏళ్ల తరబడి వ్యాజ్యం సాగిన తరువాత కూడా పేరు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన దొంగ కాదు, కంపెనీది దొంగ హక్కూ కాదు. ట్రేడ్‌మార్క్ చట్టం ఇద్దరినీ పక్కపక్కన ఉండనిస్తుంది. డాట్ కామ్ ఉండనివ్వదు.

తరగతుల ప్రకారం పేర్లను విభజిస్తే?

చిక్కంతా పేరులో దేశానికీ, తరగతికీ మెట్లు లేకపోవడంలో ఉంటే, ఆ మెట్లు కడితే సరిపోతుంది కదా అన్న ఆలోచన మొదటినుంచీ ఉంది. డొమైన్ పేరులోనే దేశాన్నీ, తరగతినీ చేర్చాలన్నది దాని సారం. ఊహకు, డాట్ ఇన్ కింద ట్రేడ్‌మార్క్‌లకు ఒక విభాగం, దాని కింద 45 తరగతులకు 45 ఉపవిభాగాలు పెట్టారనుకుందాం. అప్పుడు 29వ తరగతి కింద విజయ అంటే పాలు, 36 కింద బ్యాంకు, 44 కింద రక్తపరీక్షలు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఎవరి పేరు ఉంటే వారికే ఆ చిరునామా. వివాదం వస్తే రిజిస్టర్ తీసి చూడటమే.

ఇది ఉత్త ఊహ కాదు. బ్రిటన్‌లో లిమిటెడ్ కంపెనీలకు, పబ్లిక్ కంపెనీలకు విడివిడిగా ఉపవిభాగాలు పెట్టి, నమోదైన కంపెనీ పేరుకు సరిపోలిన పేరునే ఇస్తారు. ఫ్రాన్స్ తన జాతీయ డొమైన్ కింద ట్రేడ్‌మార్క్‌ల కోసం ఒక విభాగాన్ని నడిపింది. ప్రపంచ స్థాయిలో 1997లో ఒక అంతర్జాతీయ కమిటీ సంస్థలకు, దుకాణాలకు, కళలకు, వినోదానికి, వ్యక్తుల పేర్లకు వేరువేరుగా ఏడు కొత్త తోకలు ప్రతిపాదించింది. అమెరికా ప్రభుత్వం ఆ ప్రణాళికను పక్కనపెట్టి, 1998లో ఐకాన్ ఏర్పాటుకు దారి తీసింది.

తర్కం ఇంత చక్కగా ఉన్న ఆలోచన ఎందుకు నిలవలేదు? మొదటి కారణం అలవాటు. విభాగాలు సిద్ధమయ్యేనాటికే జనం పేరు పక్కన డాట్ కామ్ కొట్టి చూడటానికి అలవాటుపడ్డారు, వ్యాపారులూ అక్కడే ఉండాలనుకున్నారు. బ్రిటన్‌లో పైన చెప్పిన విభాగాలున్నా కంపెనీలు ఎక్కువగా వెళ్ళింది ఏ అర్హతా అడగని సాధారణ వాణిజ్య విభాగానికే. రెండవది, తరగతులు అనుకున్నంత గట్టి గోడలు కావు. బీటిల్స్ బృందం స్థాపించిన ఆపిల్ కోర్ సంస్థ 1978లో ఆపిల్ కంప్యూటర్ మీద వేసిన దావా, సంగీతం జోలికి రానన్న ఒప్పందంతో 1981లో ముగిసింది. కంప్యూటరే పాటలు అమ్మే యంత్రంగా మారిన తరువాత ఆ గోడ నిలవక, 2007 దాకా తగాదా మళ్ళీ మళ్ళీ లేచింది. మూడవది, ఒకే తరగతిలో ఒకే పేరుకు ఇద్దరు ఉండవచ్చు. రెండు విజయ పాల సంస్థలకు 29వ తరగతి ఏ పరిష్కారమూ చూపదు. నాలుగవది, పేర్లన్నీ వ్యాపారానివే కావు. ఊళ్లకు, మనుషులకు, సంఘాలకు, ఏదో ఇష్టంతో సైటు పెట్టుకున్నవారికి ఈ 45 అరల్లో చోటెక్కడ?

ట్రేడ్‌మార్క్ యజమానుల వైపు నుంచి కూడా దీనికి ఉత్సాహం కనబడలేదు. విభాగాలు పెరిగితే కొరత తగ్గి పోటీ చల్లబడుతుందని కొత్త తోకలను కోరినవారి వాదన. ప్రతి కొత్త విభాగంలోనూ తమ పేరును ఇతరులు పట్టుకోకుండా తామే కొని ఉంచుకోవలసి వస్తుందని పెద్ద కంపెనీల ఫిర్యాదు. అనుభవం చూస్తే రెండవ వాదనకే ఎక్కువ బలం ఉన్నట్టు నాకు కనిపిస్తుంది, అయితే అది విభజన తప్పు కాదు. ఎవరైనా ఏ విభాగంలోనైనా కొనుక్కోవచ్చన్న నియమం వల్ల వచ్చిన ఫలితం. అర్హత పరిశీలించని విభజన పేరుకే విభజన.

వివాదం వచ్చాక తేల్చే పద్ధతి

నిర్మాణాన్ని మార్చలేనప్పుడు మిగిలింది తగాదాలను తీర్చే యంత్రాంగం. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 1999 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఆధారంగా ఐకాన్ అదే ఏడాది ఒక ఏకరూప వివాద పరిష్కార విధానాన్ని తెచ్చింది. దాన్ని యూడీఆర్‌పీ అంటారు. డాట్ కామ్ వంటి తోక కింద పేరు కొన్న ప్రతివారూ దానికి కట్టుబడతామని ఒప్పందంలోనే అంగీకరిస్తారు కాబట్టి, కోర్టుకు వెళ్ళకుండా మధ్యవర్తి ప్యానెల్ ముందే విషయం తేలుతుంది. ఫిర్యాదుదారు మూడు అంశాలూ రుజువు చేయాలి: పేరు తన ట్రేడ్‌మార్క్‌తో సమానమైనది లేదా భ్రమ కలిగించేంత దగ్గరగా ఉన్నది, నమోదు చేసుకున్నవారికి దానిపై న్యాయమైన ప్రయోజనం లేదు, పేరును దురుద్దేశంతో నమోదు చేయడమే కాక దురుద్దేశంతో వాడుతున్నారు కూడా. గెలిస్తే పేరు బదిలీ అవుతుంది లేదా రద్దవుతుంది, పరిహారం మాత్రం ఉండదు. మేధో సంపత్తి సంస్థ దగ్గర ఏకసభ్య ప్యానెల్‌కు కనీస రుసుము 1,500 డాలర్లు. అక్కడ ఇటీవలి కాలంలో ఏడాదికి 6 వేలకు పైగా కేసులు దాఖలవుతున్నాయి.

ఈ పరీక్ష ఎలా సాగుతుందో మనకు గుర్తున్న ఒక ఉదంతంతో చూద్దాం. ఢిల్లీకి చెందిన ఒక డెవలపర్ జియోహాట్‌స్టార్ డాట్ కామ్‌ను ముందుగానే నమోదు చేసి, 2024 అక్టోబరులో, రెండు సంస్థల విలీనం ఖాయమవుతున్న సమయంలో, తన కేంబ్రిడ్జి చదువుకయ్యే ఖర్చు భరిస్తే పేరు ఇస్తానని బహిరంగంగా అడిగాడు. అది ప్యానెల్ ముందుకు వెళ్ళిందనుకుందాం. మొదటి అంశం సులభం: జియో, హాట్‌స్టార్ రెండూ ప్రసిద్ధమైన గుర్తులు. రెండవదానికి నమోదుదారు సొంత వ్యాపారమో, సొంత పేరో చూపాలి. మూడవదే ఆసక్తికరం: నమోదు చేసిన రోజున ‘జియోహాట్‌స్టార్’ అనే గుర్తే లేదు కదా, లేని గుర్తుపై దురుద్దేశం ఎలా ఉంటుంది? విలీనాన్ని ఊహించి రెండు పేర్లను అతికించి నమోదు చేస్తే, అది ఆ రెండు గుర్తుల విలువను ఆశించి చేసినదేనని ప్యానెళ్లు సాధారణంగా భావిస్తూ వచ్చాయి. చదువు కోసం అడిగాడన్న సానుభూతికి ఈ పరీక్షలో స్థానం లేదు.

ఈ విధానం చవక, వేగవంతం, దేశాల హద్దులు దాటి పనిచేస్తుంది అన్నది దాన్ని సమర్థించేవారి మాట. విమర్శకులకూ గట్టి కారణాలున్నాయి. ఏ సంస్థ ముందు ఫిర్యాదు చేయాలో ఫిర్యాదుదారే ఎంచుకుంటాడు; లోపలి అప్పీలు లేదు; ఓడినవారు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్ళకపోతే పేరు పోయినట్టే. బార్సిలోనా డాట్ కామ్‌ను ఆ నగర పాలక మండలికి ఇవ్వాలని 2000లో ప్యానెల్ తీర్పు చెప్పింది. భౌగోళిక నామం మీద అటువంటి గుత్తహక్కు ఉండదని 2003లో అమెరికా అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడింది. కోర్టు దాకా వెళ్ళే స్తోమత లేని యజమాని ఉంటే ఆ తీర్పే మిగిలేది.

భారతదేశంలో కోర్టులు, డాట్ ఇన్

మన ట్రేడ్‌మార్క్ చట్టంలో డొమైన్ పేర్ల ప్రస్తావన నేరుగా లేదు. ఆ ఖాళీని పూరించింది న్యాయస్థానాలే. 1999లో ఢిల్లీ హైకోర్టు యాహూ కేసుతో బాట వేసింది. 2001లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ తన పేరును పోలిన డొమైన్‌పై అదే కోర్టులో గెలిచింది. సుప్రీంకోర్టు స్థాయిలో విషయం తేలింది 2004లో, అదీ మన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా పుట్టిన సత్యం ఇన్ఫోవే కేసులో. ఆ సంస్థ వాడుతున్న ‘సిఫీ’ పేరుకు దగ్గరగా వేరొక కంపెనీ ‘సిఫ్ఫీనెట్’ అని నమోదు చేసుకుని, అవి తమ ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలని చెప్పింది. కర్ణాటక హైకోర్టు ఆ కంపెనీ వైపు మొగ్గినా సుప్రీంకోర్టు ఆ వివరణను నమ్మలేదు. ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణీ చేయడాన్ని నిరోధించే సాధారణ న్యాయసూత్రం డొమైన్ పేర్లకూ వర్తిస్తుందని తీర్పునిచ్చింది.

డాట్ ఇన్ పేర్లకు, వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ 2005లో సొంత విధానం తెచ్చింది. అది యూడీఆర్‌పీనే పోలినా ఒక చోట కఠినం: నమోదూ వాడకమూ రెండూ దురుద్దేశంతో ఉండాలన్న షరతు ఇక్కడ లేదు, ఏదో ఒకటి చాలు. తెలుగు లిపిలో ఉన్న డాట్ భారత్ పేర్లూ దీని పరిధిలోకే వస్తాయి.

తలుపు తెరవకముందే హక్కుదారులకు అవకాశం

మరో మార్గం, కొత్త తోకను అందరికీ తెరిచేముందు కొంతకాలం ట్రేడ్‌మార్క్ యజమానులకే నమోదు అవకాశం ఇవ్వడం. దీన్ని సన్‌రైజ్ కాలం అంటారు. న్యాయంగానే ఉన్న ఈ ఏర్పాటును తెలివైనవారు ఎలా వాడుకున్నారో చెప్పడానికి ఐరోపా సమాఖ్య తోక అయిన డాట్ ఈయూ కథ ఒక్కటి చాలు. ఆ తోక సన్‌రైజ్ నియమాల్లో, గుర్తులో ఉన్న ప్రత్యేక చిహ్నాలను తీసేసి మిగిలిన అక్షరాలతో డొమైన్ ఇవ్వవచ్చని ఉంది. ఒక సంస్థ స్వీడన్‌లో 33 సాధారణ పదాలను, అక్షరాల మధ్య ‘అండ్’ చిహ్నం చొప్పించి, ట్రేడ్‌మార్క్‌లుగా నమోదు చేయించింది. వాటిలో ఒకటి జర్మన్‌లో టైర్లకు వాడే ‘రైఫెన్’. నమోదు మాత్రం సీటు బెల్టుల పేరిట. చిహ్నాలు రాలిపోగానే టైర్ల మార్కెట్టుకు సరిగ్గా సరిపోయే డొమైన్ చేతికొచ్చింది. గుర్తును వాడే ఉద్దేశమే లేకుండా, డొమైన్ కోసమే నమోదు చేయించడం దురుద్దేశం కిందికి రావచ్చని 2010లో ఐరోపా న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

2012 విడతలో వందల కొత్త తోకలు రాబోతుండగా, ప్రతి దానికీ విడివిడిగా రుజువులు చూపనక్కరలేకుండా 2013లో ట్రేడ్‌మార్క్ క్లియరింగ్‌హౌస్ అనే ఉమ్మడి పట్టికను తెచ్చారు. అందులో ఉన్నవారికి సన్‌రైజ్ అర్హత ఉంటుంది. ఆ తరువాత కనీసం 90 రోజుల పాటు ఎవరైనా అదే పేరును అడిగితే హెచ్చరిక వెళుతుంది. పోలిక మాత్రం అక్షరం అక్షరానికి సరిపోవాలి. ఆంగ్ల లిపిలో నమోదైన గుర్తు అదే పదాన్ని తెలుగు లిపిలో కాపాడదు, పక్కన మరో పదం చేర్చినా కాపాడదు. రక్షణ ఖర్చు కూడా చిన్నది కాదు. 2015లో ‘సక్స్’ అనే తిట్టుపదం తోకగా వచ్చినప్పుడు సన్‌రైజ్‌లో ఒక్కో పేరుకు ఏడాదికి దాదాపు 2,000 డాలర్లు, అంతకు మించి అడిగారు. విమర్శకులకు వేదిక ఇస్తున్నామని నిర్వాహకులు, ఇది బలవంతపు వసూలని ట్రేడ్‌మార్క్ యజమానులు అన్నారు.

గుర్తే తోకగా మారినప్పుడు

ఇంతదాకా తోకకు ముందున్న పేరు గురించే. 2012లో ఐకాన్ 1,85,000 డాలర్ల రుసుముతో తోకలనే ఇవ్వజూపితే 1,930 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో అనేకం బీఎమ్‌డబ్ల్యూ, గూగుల్ వంటి బ్రాండ్లవే. ఇక్కడ మరొకరి డాట్ కామ్‌తో పోటీ లేదు, కాబట్టి తగాదా తీరినట్టే అనిపిస్తుంది. కానీ డాట్ అమెజాన్ మీద ఆ నదీ తీర దేశాలు, ముఖ్యంగా బ్రెజిల్, పెరూ అభ్యంతరం చెప్పాయి. 2014లో తిరస్కరణకు గురైన దరఖాస్తు, ఐకాన్ నిబంధనల కింద ఏర్పడిన స్వతంత్ర సమీక్షా ప్యానెల్ 2017లో కంపెనీకి అనుకూలంగా చెప్పాక, చివరికి 2020లో అమలులోకి వచ్చింది.

డాట్ మెర్క్ విషయం ఇంకా లోతైనది. మందుల సంస్థలైన జర్మనీలోని మెర్క్, అమెరికాలోని మెర్క్ ఒకే కుటుంబ వ్యాపారం నుంచి వచ్చినవి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విడిపోయాయి. అమెరికా, కెనడాలలో ఆ పేరు అమెరికన్ సంస్థది, మిగతా ప్రపంచంలో జర్మన్ సంస్థది అని ఒప్పందాలు చేసుకున్నాయి. భూగోళాన్ని పంచుకున్న ఆ రెండూ 2012లో భూగోళమంతటికీ ఒక్కటే అయిన తోక కోసం దరఖాస్తు పెట్టుకున్నాయి.

2026 విడతలో రుసుము 2,27,000 డాలర్లు, అంటే సుమారు రెండు కోట్ల రూపాయలు. ఒకే తోకను ఇద్దరు అడిగితే తమలో తాము డబ్బు ఇచ్చిపుచ్చుకుని తేల్చుకోవడాన్ని ఈసారి నిషేధించారు. చివరి మార్గం ఐకాన్ నిర్వహించే వేలమే. బ్రాండ్ దరఖాస్తుదారులకు మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చారు: పోటీ ఏర్పడితే, తమ ట్రేడ్‌మార్క్ నమోదులో సరుకులు, సేవల వివరణలో ఉన్న ఒక పదాన్ని పేరుకు చేర్చుకుని పోటీ నుంచి తప్పుకోవచ్చు. 1990లలో పక్కన పెట్టిన తరగతుల ఆలోచనే ఇది, ఈసారి ఉపవిభాగంగా కాక పేరులో భాగంగా. ఒక బ్యాంకు, ఒక పాల సంస్థ పోటీపడితే ఇది బాగానే పనిచేస్తుంది. మెర్క్‌లు మాత్రం రెండూ మందులు తయారు చేస్తాయి. వాటిని వేరుచేసేది దేశమే, ఆ దేశాన్ని చేర్చుకోవడానికి నియమంలో చోటు లేదు.